వాలెన్సియాలో మా బోరు పంచాయితీ

దుబాయి పోదామని పెళ్లయిన కొత్తలో పాస్‌పోర్టు తీయించాను. పోలేదు. పటాన్‌చెరు టైల్స్ ఫ్యాక్టరీలో ఫిట్టరు పని దొరికింది, పాస్‌పోర్టు బీరువాలో చీరల కింద ఉండిపోయింది. గడువు అయిపోతే ఊరుకోక మళ్లీ కొత్తది తీయించాను. "ఏ దేశం పోతవయ్యా ఇగ?" అని మా ఇంటామె నవ్వింది. ఆ నవ్వు ఆరు నెలలు కూడా నిలవలేదు.

మా ఫ్యాక్టరీ స్పెయిన్ నుంచి కొత్త ప్రింటింగ్ మిషన్ కొన్నది. మట్టి పలక మీద పాలరాయి గీతలు అచ్చం పాలరాయి లాగే వేస్తుందది. మిషన్ ఓడ ఎక్కే ముందు ఎవరైనా ఒకరు అక్కడికి పోయి, మూడు వారాలు ఉండి, దాని గుట్టుమట్లు నేర్చుకుని రావాలి. పోవాల్సిన ఇంజనీరు సారుకు పాస్‌పోర్టు లేదు. మెయింటెనెన్స్‌లో ఎవరి దగ్గరుందని అడిగితే నేనొక్కడినే చెయ్యెత్తాను. అట్లా ఫిబ్రవరి చివర్లో, కారప్పొడి సీసాతో, రెండు కిలోల అటుకుల చుడువాతో వాలెన్సియాలో దిగాను.

ఆ ఊరి గురించి చెప్పే ముందు మా బోరు గురించి చెప్పాలి. ఎందుకంటే నేను విమానం ఎక్కినా నా మనసు మాత్రం బోరు దగ్గరే ఉంది.

మాది సంగారెడ్డి నుంచి జోగిపేట పోయే దారిలో ఒక పల్లె. నాన్న పోయాక పొలం అన్నకూ నాకూ చెరి సగం వచ్చింది. పొలాన్ని గట్టు పెట్టి పంచుకోవచ్చు, బోరును పంచుకోలేం. అందుకని వంతులు పెట్టుకున్నాం. సోమ, బుధ, శుక్రవారాలు అన్నవి. మంగళ, గురు, శనివారాలు నావి. ఆదివారం మధ్యాహ్నం దాకా అన్నది, ఆ తర్వాత నాది. చాలా ఏళ్లు ఒక్క మాట పట్టింపు లేకుండా నడిచింది.

చెడగొట్టింది నేనే. ఈ మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను గానీ అప్పట్లో ఎవరైనా అంటే మీద పడి కరిచేవాడిని. నేను డ్యూటీలో ఉంటే మా ఇంటామె పోయి మోటరు వేసేది. మధ్యలో కరెంటు పోయి వస్తే మళ్లీ పొలానికి నడవాలి. ఆమె తిరుగుడు చూడలేక ఆటో స్టార్టర్ కట్టాను. కరెంటు వస్తే చాలు, ఎవరూ ముట్టకుండానే మోటరు లేస్తుంది. ఫిట్టరును కదా, పని బ్రహ్మాండంగా కుదిరింది. కుదరడమే ఎక్కువైంది. నా వంతు సాయంత్రంతో అయిపోవాలి. నీళ్లను ఒకరి పొలం నుంచి ఇంకొకరి పొలానికి మళ్లించే వాల్వు నా వైపే తిప్పి ఉండేది, మోటరు తెల్లవార్లూ నడిచేది. పొద్దున్నే అన్న తన వంతుకు వస్తే బోరు గాలి కొట్టేది.

మొదటిసారి అన్న నవ్వుతూ చెప్పాడు. రెండోసారి నవ్వకుండా చెప్పాడు. మూడోసారి చెప్పలేదు, వైరు కోసేశాడు. నేను కొత్త వైరు వేయించి కేసు పెట్టాను. తన వంతు నీళ్ల కోసం అన్న నా మీద పెట్టాడు. రెండేళ్లు సంగారెడ్డి కోర్టు చుట్టూ తిరిగాం. వాయిదా రోజున ఇద్దరం ఒకే బస్సు ఎక్కేవాళ్లం, అన్న ముందు సీట్లో, నేను వెనక సీట్లో. మా ఆడవాళ్లిద్దరూ మాత్రం కూర గిన్నెలు మార్చుకోవడం ఒక్కరోజు కూడా ఆపలేదు. మా వదిన వండిన చింతచిగురు పప్పు తింటూ ఆమె మొగుడిని తిట్టిన రోజులు ఉన్నాయి.

మార్చి ఆఖరున వాయిదా ఉంది. ఈసారి తేలిపోతుందని వకీలు అన్నాడు. ఎవరు గెలిచినా ఆ తర్వాత మేం అన్నదమ్ములుగా మిగలమని నాకు తెలుసు. చిన్నప్పుడు నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూచోబెట్టుకుని బడికి తొక్కుకుపోయిన మనిషి అన్న. ఆ మనిషిని పోగొట్టుకుంటున్నానని తెలిసి కూడా ఒక మెట్టు దిగడం నాకు చేతకాలేదు. బయల్దేరే రోజు కూడా అన్న మా పక్కనే ఉన్న తన వాకిట్లో నిలబడే ఉన్నాడు. నేను ఆటో ఎక్కి అటువైపు చూడకుండా వచ్చేశాను.

వాలెన్సియాలో మొదటి రోజే నాకు శాస్తి జరిగింది. వీధుల్లో రోడ్డుకు రెండు వైపులా నారింజ చెట్లు, చెట్ల నిండా కాయలు, కింద రాలినవి కూడా ఎవరూ ముట్టడం లేదు. ఎంత అమాయకులురా వీళ్లు అనుకుని ఒకటి తెంపి, ఒలిచి, రెండు తొనలు ఒకేసారి నోట్లో వేసుకున్నాను. వేపాకు నమిలినట్టయింది. అవి అందానికి పెంచే చేదు నారింజలట. ఎదురుగా బల్ల మీద కూచున్న ముసలావిడ నా మొహం చూసి ఎంత నవ్విందంటే, పక్కనున్న కుక్క లేచి నిలబడింది. ఆ తర్వాత సంతలో మంచివి కొన్నాను. చీటీ మీద ఉన్న పేరు కూడబలుక్కుని చదివితే నరంహా అనో ఏదో వచ్చింది. మన నారింజ అనే మాటే పెద్ద ప్రయాణం చేసి అక్కడికి చేరిందని తర్వాత తెలిసింది.

నాకు పని నేర్పే ఆయన అరవైకి దగ్గర పడిన మనిషి. రిటైరు కావడానికి ఏడాది ఉంది. నాకు వచ్చినంత ఇంగ్లీషే ఆయనకూ వచ్చు కాబట్టి మాకు ఏ ఇబ్బందీ రాలేదు. మిగిలింది స్పానరుతో, వేళ్లతో చెప్పుకునేవాళ్లం. ఆయనను నేను పెద్దాయనా అని తెలుగులోనే పిలిచేవాడిని. అర్థం చెబితే మీసాల్లో నవ్వుకున్నాడు.

ఆ ఫ్యాక్టరీలో పది గంటలకు జరిగే తతంగం చూస్తే మా పటాన్‌చెరు వాళ్లు కొలువు మానుకుని అక్కడికి పోతారు. మాకు పది గంటలకు పది నిమిషాల చాయి. కప్పు చేతికి వచ్చేసరికి సైరన్ మోగుతుంది. వాళ్లు పది కాగానే చేతులు కడుక్కుని, పక్క వీధి హోటల్లో బల్లలు కలిపి కూచుంటారు. ముందు పల్లికాయలు వస్తాయి, ఒలవకుండా, వేయించినవి. వాటితో ఉప్పులో ఊరేసిన ఆలివ్ కాయలు. ఆ తర్వాత మూరెడు రొట్టె, నడుమ గుడ్డు అట్టో, మాంసమో, వంకాయ వేపుడో. తినడానికి ముప్పావు గంట. ఇది పొద్దుటి ఫలహారం కాదు, మధ్యాహ్నం భోజనమూ కాదు, రెంటికీ నడుమ వాళ్లకు ఇదొక పూట. పల్లికాయ పొట్టు బల్ల మీదే పారేస్తూ అందరూ ఒకేసారి మాట్లాడతారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా నాకు మా ఊరి కల్లు దుకాణం గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది.

ఇంత తిని మళ్లీ రెండు గంటలకు అన్నం తింటారు. రాత్రి తొమ్మిది దాకా మళ్లీ ముట్టరు. మొదటి వారం ఏడింటికే ఆకలై అటుకుల చుడువా మీద పడ్డాను. రెండో వారానికి నా కడుపు కూడా వాళ్ల షిఫ్టులోకి మారిపోయింది.

సాయంత్రాలు ఊరంతా కాలినడకన తిరిగాను. పాత ఊరి సందుల్లో రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. పై అంతస్తుల్లో ఆరేసిన బట్టలు, కింద రాతి గచ్చు, ఆ గచ్చు వందల ఏళ్ల కాళ్లకు అరిగి నున్నగా మెరుస్తోంది. పూర్వం పట్టు బేరాలు జరిగిన ఒక పెద్ద హాలుంది. దాని స్తంభాలు పగ్గం పేనినట్టు మెలి తిరిగి పైకి పోతాయి. రాతిని అట్లా ఎట్లా తిప్పారో అని ఒక స్తంభం చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. మూడో చుట్టుకే కాపలా ఆయన నన్ను అనుమానంగా చూశాడు. ఏదో గుళ్లో ప్రదక్షిణలు అనుకున్నాడో ఏమో.

ఊరి నడుమ ఒకప్పుడు ఏరు పారేదట. వరదకు ఊరు మునిగితే ఏటిని ఊరి బయటికి మళ్లించి, ఎండిన పొట్టలో తోట పెంచారు. పాత వంతెనలు అట్లాగే ఉన్నాయి, వాటి కింద నీళ్లకు బదులు పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. ట్రాము ఎక్కితే కాసేపట్లో సముద్రం. మధ్యధరా సముద్రమని బడిలో పటం మీద వేలు పెట్టి చూపించాల్సి వస్తే నేను ఎప్పుడూ తప్పే చూపించేవాడిని. ఇప్పుడు అందులో కాళ్లు పెట్టి నిలబడ్డాను. చలికి కాళ్లు తిమ్మిరెక్కాయి, అయినా తీయబుద్ధి కాలేదు.

మార్చిలో వాళ్లకు పెద్ద పండుగ ఉంటుంది. ఆ రోజుల్లో ప్రతి మధ్యాహ్నం రెండింటికి ఊరి చౌరస్తాలో పటాకులు కాలుస్తారు. పట్టపగలు. వెలుగు కోసం కాదు, చప్పుడు కోసం. కాళ్ల కింద నేల అదిరి, పొట్టలో పేగులు అదిరి, చివరికి గుండెలో దరువు మొదలవుతుంది. మా ఫ్యాక్టరీలో మట్టిని పిండి చేసే బాల్ మిల్లు పక్కన పదహారేళ్లు నిలబడ్డ చెవులు నావి, నాకు హాయిగా ఉంది. అయిపోగానే జనమంతా చప్పట్లు కొట్టారు. నేను ఈల కూడా వేశాను.

నేను అన్నిటికంటే ఆశ్చర్యపోయింది ఒక గ్లాసు దగ్గర. పెద్దాయన ఒక సాయంత్రం పాత దుకాణానికి తీసుకుపోయి, పాల లాంటి చల్లని తియ్యని పానీయం ఇప్పించాడు. ముంచుకు తినడానికి వేలంత పొడుగు మెత్తటి రొట్టెలు. కమ్మగా ఉంది. ఇది ఏ పాలు అని అడిగితే అద్దాల పెట్టెలోంచి గింజల్లాంటి చిన్న గడ్డలు గుప్పెడు తీసి చూపించాడు. చూస్తే మన తుంగగడ్డలకు అన్నదమ్ములు. వాళ్లు వాటిని పొలంలో సాళ్లు తీసి, నీళ్లు పెట్టి, పంటగా పండిస్తారు. నానబెట్టి, రుబ్బి, పిండి, ఆ పాలు గ్లాసుల్లో అమ్ముకుంటారు. వెంటనే మా ఇంటామెకు వీడియో కాల్ చేసి చూపించాను.

"తుంగగడ్డలా? వాటిని పీకి పీకి నా నడుము పడిపాయె. వాటికి పైసలిచ్చి తాగుతుండ్రా?" అంది.

"నేను గుడ తాగుతున్న. మంచిగనే ఉంది."

"అట్లయితె ఇంటికి రా, మన మక్క చేన్ల ఎన్ని గావాల్నంటె అన్ని తాగు." ఆ తర్వాత మెల్లగా అంది. "మీ అన్న పొలం కింది మడులు ఎండుతున్నయ్. వరి పొట్ట మీదుంది. అక్క మొన్న ఏడ్చింది."

"కోర్టుల తేలుతది తీ" అని ఫోన్ పెట్టేశాను. చేతిలో ఉన్న గ్లాసు ఖాళీ చేయలేకపోయాను. స్టార్టరు పీకెయ్యమని ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు, ఎందుకంటే పీకితే తప్పు ఒప్పుకున్నట్టే అవుతుందని వకీలు చెప్పాడు.

ఆ ఆదివారం పెద్దాయన వాళ్ల పొలానికి పిలిచాడు. ఊరికి దక్షిణాన పెద్ద చెరువు లాంటి సరస్సు, దాని చుట్టూ కనుచూపు మేర వరి మడులు. పంట లేని కాలం, నల్లటి బురద, కొంగలు. ఆ బురద వాసనకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వేల మైళ్ల దూరంలో కూడా బురదకు ఒకటే వాసన.

పెద్దాయన వరండా ముందు నారింజ కట్టెల మంట మీద చాటంత వెడల్పు ఇనుప మూకుడు పెట్టాడు. అక్కడ ఆదివారం అన్నం మగవాళ్లే వండుతారట. కుందేలు మాంసం, కోడి మాంసం వేగాక, మన అనపగింజల కంటే నాలుగింతలు పెద్ద గింజలు, పచ్చి చిక్కుళ్లు, టమాట, కుంకుమపువ్వు, నీళ్లు. నీళ్లు మరిగాక బియ్యం. ఒకసారి బియ్యం పడ్డాక గరిటె పెట్టకూడదు. మంటను మాత్రం కట్టెలు ఇటూ అటూ జరిపి నడిపించాలి. అది చూస్తుంటే బాయిలర్ ఆపరేటర్ పని గుర్తొచ్చింది.

అన్నం పళ్లాల్లో పెట్టలేదు. మూకుడే బల్ల మీద పెట్టి చుట్టూ అందరం కూచున్నాం. తలా ఒక చెక్క చెంచా. ఎవరి ముందున్న భాగం వాళ్లది, అంచు నుంచి నడిమికి తినుకుంటూ పోవాలి. పక్క భాగంలో చెంచా పెట్టకూడదు. నాకీ సంగతి ఎవరూ చెప్పలేదు. పైగా నేను చప్పగా ఉందని జేబులోంచి కారప్పొడి తీసి చల్లాను. కొంచెం నా భాగంలో పడింది, గాలికి మిగిలింది పెద్దాయన భార్య భాగంలో పడింది. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. చర్చిలో చెప్పులు విసిరినా అంత నిశ్శబ్దం రాదేమో. ఆవిడ ఒక చెంచా తిని, నీళ్లు తాగి, ఇంకో చెంచా తిని, ఆ సీసా ఇటివ్వమని చెయ్యి చాపింది. ఆ తర్వాత నేను పెరుగన్నం అడిగితే మాత్రం అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

చివరికి మూకుడు అడుగున అంటిన మాడు మిగిలింది. చిన్నప్పుడు కుండ అడుగు మాడు కోసం అన్న, నేను కొట్టుకునేవాళ్లం. అక్కడ కూడా ముసలీ ముతకా దాని కోసమే చెంచాలు పట్టుకుని కూచున్నారు. అతిథినని మొదటి గోకుడు నాకే ఇచ్చారు.

తిన్నాక పెద్దాయనతో పొలం గట్టు మీద నడుస్తూ ఉంటే, ఈ నీళ్లు ఎట్లా పంచుకుంటారని అడిగాను. ఈ సరస్సు కింద ఒక పద్ధతి, ఊరి చుట్టూ ఉన్న కూరగాయల తోటలకు ఇంకో పద్ధతి ఉందని చెప్పాడు. ఆ తోటలకు పాత కాలువలు ఎనిమిది. ఆ ఎనిమిదింటికీ తలా ఒక రైతును రైతులే ఎన్నుకుంటారు. ప్రతి గురువారం పగలు పన్నెండింటికి పెద్ద చర్చి తలుపు ముందు వాళ్లు కూచుని నీళ్ల తగాదాలు తీరుస్తారు. వెయ్యేళ్ల నుంచి నడుస్తోందని చెప్పాడు. మామూలుగా ఒక్క తగాదా కూడా రాదట, వచ్చే గురువారం మాత్రం ఒకటి ఉందట. ఫిర్యాదు చేసింది ఆయన బావమరిదే.

"వస్తావా?" అన్నాడు. "వస్తాను" అన్నాను. ఎందుకు వస్తానన్నానో అప్పుడు నాకే తెలియదు. వేరేవాళ్ల తగాదా చూడటం ఎవరికైనా సరదాయే కదా అనుకున్నాను.

గురువారం పది గంటల పూట తినే రొట్టెను కాస్త ముందే తిని, అడిగి రెండు గంటలు సెలవు తీసుకుని పోయాం. చర్చి రాతి తలుపు ముందు ఇనుప కంచె, లోపల గుండ్రంగా తోలు కుర్చీలు. చుట్టూ టూరిస్టులు, ఫోన్లు పైకెత్తి. గంట పన్నెండు కొట్టగానే నల్లటి వదులు చొక్కాలు వేసుకుని ఎనిమిది మంది వచ్చి కూచున్నారు. వాళ్ల చేతులు చూశాను. గోళ్లలో మట్టి ఉంది. చొక్కా కింద నుంచి పొలం బూట్లు కనిపిస్తున్నాయి.

చేతి కర్ర పట్టుకున్న ఒకాయన ఒక్కో కాలువ పేరూ పిలుస్తూ, దీని కింద తగాదా ఎవరికైనా ఉందా అని అడుగుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఎవరూ రాలేదు. నాలుగో పేరుకు ఇద్దరు లోపలికి వచ్చారు. ఒకరు పెద్దాయన బావమరిది. ఇంకొకాయన నా వయసు మనిషి, టోపీ చేతిలో నలుపుకుంటున్నాడు. కుర్చీల్లోని పెద్ద కూర్చున్న చోటి నుంచే కాలు కదిపి చూపించాడు, అంటే నువ్వు మాట్లాడు అని అర్థమట. వకీలు లేడు. కాగితం లేదు. పెద్దాయన నా చెవిలో ఒక్కో మాటా చెబుతున్నాడు.

"ఇతని వంతు అయిపోయాక కూడా తూము మూయలేదని మావాడి ఫిర్యాదు."

టోపీ మనిషి ఏదో చెప్పాడు.

"నాకు ఊళ్లో ఉద్యోగం ఉంది, సమయానికి పొలానికి రాలేను, అందుకే తెరిచి వదిలేశాను అంటున్నాడు."

ఈ మాటలు నేను మా వకీలు ముందు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ నాకవి చాలా న్యాయంగా వినిపించేవి. ఇప్పుడు ఇంకొకడి నోట్లోంచి వింటే ఎంత పసలేనివిగా ఉన్నాయో.

కుర్చీలోని రైతు ఒకటే ప్రశ్న వేశాడు. పెద్దాయన దాన్ని నాకు చెప్పడానికి కాస్త ఆలోచించి, ఇట్లా చెప్పాడు. "నీకు రావడానికి వీలు కాలేదు, సరే. అతని పంటకు నీళ్లు అక్కర్లేదని నీకెవరు చెప్పారు?"

టోపీ మనిషి తల వంచుకున్నాడు. నేను కూడా వంచుకున్నాను. ఏడుగురు రైతులు తలలు దగ్గరికి చేర్చి రెండు నిమిషాలు గుసగుసలాడుకున్నారు. ఆ కాలువ తరఫు రైతు మాత్రం తీర్పులో కలగజేసుకోకుండా ఊరికే కూచున్నాడు. తప్పు ఇతనిదే, నష్టం ఇతనే కట్టాలి. అంతే. మిగిలిన కాలువల పేర్లు పిలిచారు, ఎవరూ రాలేదు, అందరూ లేచిపోయారు. అంతా కలిపి పావుగంట కూడా పట్టలేదు. బయటికి వచ్చాక ఆ టోపీ మనిషీ, పెద్దాయన బావమరిదీ ఒకే లైటరుతో సిగరెట్లు ముట్టించుకుని ఏదో మాట్లాడుకుంటూ పోయారు. వాళ్లు అట్లా పోతుంటే చూసి నేను ఓర్చుకోలేకపోయాను. రెండేళ్లు. ఒకే బస్సులో ముందు సీటు, వెనక సీటు.

అక్కడే మెట్ల మీద కూచుని వదిన నంబరుకు ఫోన్ చేశాను. అన్న నంబరుకు చేస్తే ఎత్తడని తెలుసు. మా ఊళ్లో సాయంత్రం నాలుగున్నర దాటి ఉంటుంది.

"ఏందయ్యా, మంచిగున్నవా? ఆ దేశంల ఏమన్న తింటున్నవా?" అంది వదిన.

"తింటున్న వదినా. అన్నకియ్యి ఫోన్."

"ఇస్త గని, కొట్లాడకుర్రి. బర్రెకు పాలు పిండుతుండు, బెదురుతది" అంది.

"ఊఁ" అన్నాడు అన్న. రెండేళ్ల తర్వాత నేను విన్న మొదటి ముక్క.

"అన్నా, ఆ స్టార్టర్ పెట్టుడు నాదే తప్పు. నీ నీళ్లు నేనే గుంజుకున్న."

"ఏమాయె నీకు? పానం మంచిగ లేదా?"

"పానం మంచిగనే ఉంది. ఈడ నీళ్ల కోర్టు చూసిన." అంటూ అంతా చెప్పాను. మొదట ఊఁ కొడుతూ విన్న మనిషి కాసేపటికి ప్రశ్నలు మొదలుపెట్టాడు. బాల్చీలో పాల చప్పుడు ఆగిపోయింది.

"వకీలు లేడా?"

"లేడు."

"మరి తీర్పు జెప్పేదెవరు?"

"రైతులే. మన అసొంటోళ్లే. గోర్లల్ల మట్టి ఉంది."

"వాయిదాలో?"

"లెవ్వు. పావుగంటల అయిపాయె."

అన్న గట్టిగా ఊపిరి వదిలాడు. "ఆయనకు ఏం దండుగ ఏసిండ్రు?"

"నష్టం కట్టుమన్నరు."

"మరి నువ్వేం కడ్తవ్?"

"నువ్వే చెప్పు అన్నా. ఏదన్న సరే."

ఆలోచించాడు. అన్న ఆలోచించేటప్పుడు ముక్కుతో చిన్న చప్పుడు చేస్తాడు, అది ఫోన్లో స్పష్టంగా వినిపించింది. "కోతలు అయ్యేదాంక ఆదివారం మొత్తం నాది. నీ పూట గుడ నాకే."

"సరే."

"స్టార్టర్ నువ్వే కట్టినవ్, నువ్వే వచ్చి పీకు. నేను ముట్ట. ముడితె మల్ల కేసు పెడ్తవ్."

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. వెంటనే మా ఇంటామెకు ఫోన్ చేసి, స్టార్టరుకు పోయే స్విచ్ బంద్ చేయమని, నేను వచ్చేదాకా మోటరు చేత్తోనే వేయమని చెప్పాను. ఎందుకని అడగలేదామె. వదిన ఆ పాటికే గోడ మీదుగా చెప్పేసి ఉంటుంది.

మిగిలిన రోజులు మిషన్ పాఠాలు జల్దీగా ఎక్కాయి. పెద్దాయన భార్య కారప్పొడి సీసా అడిగి ఉంచుకుంది, బదులుగా కుంకుమపువ్వు పొట్లం ఇచ్చింది. వచ్చే ముందు రోజు ఆ చర్చి ముందుకు మళ్లీ పోయాను. గురువారం కాదు, కుర్చీలు లేవు, పావురాలు తిరుగుతున్నాయి. వట్టి రాళ్లకు దండం పెట్టుకుని వచ్చాను. ఎవరైనా చూసి ఉంటే చర్చికి అనుకుని ఉంటారు.

శనివారం ఇల్లు చేరాను. ఆదివారం పొద్దున స్పానరు, స్క్రూడ్రైవరు పట్టుకుని బోరు దగ్గరికి పోతే అన్న అప్పటికే మోటరు వేసుకుని మడుల్లో ఉన్నాడు. నేను మోటరు ఆపి స్టార్టరు విప్పుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. కింద పడిన స్క్రూలు ఏరి అరచేతిలో పట్టుకున్నాడు. "వాయిదాకు నా బండి మీద పోదాం. కేసులు వద్దని ఇద్దరు వకీళ్లకు మనమే జెప్పాలె" అన్నాడు. స్టార్టరు ఊడి వచ్చాక మళ్లీ మోటరు వేశాను.

ఆ రోజు నాకు నీళ్లు లేవు. అయినా ఇంటికి పోబుద్ధి కాలేదు. పార తీసుకుని అన్న మడుల్లో దిగాను. పై మడి నిండితే కింది మడికి దారి తీశాను, కింది మడి నిండితే ఆ కింది మడికి. చివరి మడులు నెర్రెలు వారి ఉన్నాయి. నా పాదం పట్టేంత నెర్రె ఒకటి కనిపించింది. అందులోకి నీళ్లు దిగుతుంటే గుటగుటమని చప్పుడు వచ్చింది. అది నా పనే. ఏ కోర్టూ నాకు దాన్ని ఇంత దగ్గరగా చూపించలేదు.

మధ్యాహ్నం దాటాక అన్న పొలం మొత్తం తడిసింది. వదిన పంపిన సద్ది గట్టు మీద కూచుని ఇద్దరం తిన్నాం. అన్న చెయ్యి కడుక్కుని లేచి, బోరు దగ్గరికి నడిచి, వాల్వును నా పొలం వైపు తిప్పాడు.

"అన్నా, ఆదివారం మొత్తం నీదన్నవు గద" అన్నాను.

"నాదే" అన్నాడు, వెనక్కి తిరగకుండానే. "నా నీళ్లు. నా తమ్మునికి పెట్టుకుంట."

నేను పార పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాలువలో నీళ్లు వచ్చి నా కాళ్లు తడిపి, నా మడిలోకి పారాయి.